ఆయన స్నేహితులొచ్చిన రోజున వంటింట్లోనే ఉండిపోకండి

జనవరి 14 అనగానే మనకు భోగి గుర్తుకొస్తుంది. కొన్నేళ్ళు సంక్రాంతే ఆ రోజున పడుతుంది. బియ్యం నానబోసి, పిండి పట్టించుకొచ్చి, నువ్వులు, వాము కలిపి, పాత చీర పరిచి చెకినాలు చుట్టే పనిలో మన నడుములు పడిపోతుంటాయి. సరిగ్గా ఆ తేదీనే మాజీ సైనికుల దినం కూడా ఉందని మీలో ఎందరికి తెలుసు? మన సైన్యానికి మొదటి భారతీయ సేనాధిపతి అయిన కరియప్పగారు 1953లో ఆ రోజున పదవీ విరమణ చేశారు. అందుకని 2016 నుంచి ఆ తేదీని సర్వీసు చేసి ఇల్లు చేరినవాళ్ళ కోసం కేటాయించారు.

మిలిట్రీవాళ్ళ ఇల్లాళ్ళకు ఈ సంగతి క్యాలెండరు చూడకుండానే తెలుస్తుంది. పొయ్యి మీద నూనె కాగుతుండగా గుమ్మం ముందు రెండు మూడు మోటారు సైకిళ్ళు ఆగుతాయి. "ఏం వదినె, ఉన్నడా మావోడు?" అంటూ మీసాలవాళ్ళు లోపలికొస్తారు. అప్పటిదాకా మోకాళ్ళ నొప్పులని మూలుగుతున్న మీ వారు చెంగున లేచి నిలబడతారు. ఆ తర్వాత రెండు గంటలు ఆ గదిలో మాట్లాడే భాష మీకు సగమే అర్థమవుతుంది. తెలుగులో హిందీ, హిందీలో తమిళం, మధ్యలో ఊళ్ళ పేర్లు, నంబర్లు, నవ్వులు. మీరు టీ గ్లాసులు అక్కడ పెట్టి వెనక్కి వచ్చేస్తారు.

ఆ వెనక్కి రావడం గురించే ఈ వారం నా మాట. రాకండి. పొయ్యి కట్టేసి, కొంగుకు చేతులు తుడుచుకుని, మీరూ ఓ కుర్చీ లాక్కుని కూర్చోండి. ఎందుకంటారా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నాకు తెలిసిన మూడిళ్ళ సంగతి చెబుతాను. పేర్లు మాత్రం అడక్కండి, వాళ్ళకిష్టం లేదు.

ఆ ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. ఇప్పుడు జగిత్యాల ఒక జిల్లా, రాజన్న సిరిసిల్ల ఇంకో జిల్లా, 2016 అక్టోబరు 11న విడిపోయాయి. అంతకుముందు అంతా కరీంనగరే. ఇంట్లో ఇద్దరు మగపిల్లలుంటే ఒకడు దుబాయికో మస్కట్‌కో పోవాలి, ఇంకొకడు సాంచాల మీదికో భీవండికో పోవాలి, ఇంట్లో ఆడవాళ్ళు చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చేయాలి. చాలా ఇళ్ళలో బతుకుతెరువు ఇలాగే సాగింది. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తర్వాత ఊళ్ళలో ఏ యూనిఫాం కనిపించినా జనం బిక్కుబిక్కుమనే రోజులు చాలాకాలం నడిచాయి. సెలవు మీద వచ్చే సిపాయి యూనిఫాం ట్రంకు పెట్టెలో దాచి, మామూలు చొక్కా వేసుకుని రాత్రి బస్సు దిగేవాడట. అలాంటి చోటు నుంచి, అలాంటి రోజుల్లో, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ పిల్లలు ఛాతీ కొలతలిచ్చి సైన్యంలో చేరారు.

నేను చెబుతున్నవాళ్ళు అయిదుగురు. 1986లో చేరారు. అందరూ బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో, అల్సూరు చెరువు దగ్గర శిక్షణ పొందినవాళ్ళు. ఇంజనీర్లంటే కాలేజీలో చదివినవాళ్ళనుకునేరు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు పెట్టడం, తీయడం చేసే సిపాయిలు. ఆ దళంలో తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, మన తెలుగువాళ్ళు కలిసి ఉంటారు. ఒకరినొకరు "తంబీ" అని పిలుచుకుంటారు. ఇప్పుడు అరవై దగ్గర పడినవాళ్ళు కూడా గుమ్మంలోంచి "తంబీ" అని కేకేస్తుంటే, వాళ్ళ మనవలు కిసుక్కున నవ్వుతున్నారు.

మొదటి ఇల్లు కోరుట్లలో. ఆ ఇల్లాలు నాకు చెప్పిందిది. ఆయన 2003 చివర్లో ఇంటికొచ్చాడు. సైన్యంలో మామూలు సిపాయిలకు పదిహేనేళ్ళు నిండితే పింఛను అర్హత వస్తుంది. ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్ళకే రిటైరయి వచ్చేస్తారన్నమాట. మన ఇళ్ళలో ఆ వయసు మగవాడు సంపాదన మొదలెట్టి నిలదొక్కుకునే వయసు. ఆయన కొన్నాళ్ళు బ్యాంకులో గార్డుగా చేశాడు, కొన్నాళ్ళు పసుపు పండించాడు. కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. ఊళ్ళో మిలిట్రీ మామ అంటారు. ఇంట్లో మాత్రం సర్వీసు గురించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

"నేను ఉత్తరాలు రాసేదాన్ని. అడ్రసు మీద ఊరు పేరే ఉండకపోయేది. నంబరు, పేరు, యూనిటు, 56 ఏపీవో. అంతే. ఎక్కడున్నడో ఎర్కలేదు" అంది ఆవిడ. ఆ 56 ఏపీవో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సైనికుడు ఏ కొండ మీదున్నా ఉత్తరం చేర్చే తపాలా ఏర్పాటు అది. ఆయన దగ్గర్నుంచి వచ్చే ఇన్లాండు కవరులో ఎప్పుడూ ఒకటే మాట: "నేను క్షేమం. ఇక్కడ చలి ఎక్కువ. పిల్లల్ని బడికి పంపించు."

ఆ మధ్య స్నేహితులొచ్చినప్పుడు ఆవిడ టీ ఇచ్చి వెనక్కి రాకుండా తలుపు దగ్గర కూర్చుంది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక సరిహద్దుకు మన సైన్యాన్ని తరలించారు, గుర్తుందా? దాన్ని ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. యుద్ధం జరగలేదు, 2002 అక్టోబరులో వెనక్కి రమ్మన్నారు కాబట్టి మనమందరం హమ్మయ్య అనుకుని మర్చిపోయాం. కానీ ఆ పది నెలల్లో పంజాబు, రాజస్థాన్ పొలాల్లో, ఇసుకల్లో మందుపాతరలు పెట్టింది ఈ ఇంజనీరు దళాలవాళ్ళే. ఆ తర్వాత వాటిని ఒక్కొక్కటిగా వెతికి తీసిందీ వాళ్ళే. పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కూడా ప్రాణాలు పోయాయి, కాళ్ళు పోయాయి. గాలికి ఇసుక కదిలితే, పాతిన చోటు నుంచి పాతర జరిగిపోతుందట. కాగితం మీద గీసిన పటం ఒకటి చెబుతుంది, నేల ఇంకోటి చెబుతుంది.

అవన్నీ స్నేహితులు నవ్వుతూనే చెప్పుకుంటున్నారు. ఒకాయన మోకాళ్ళ మీద పాకుతూ కడ్డీతో నేల గుచ్చి చూసే తీరు చాప మీద చేసి చూపించాడట. "మీ ఆయనే వదినె, నా ముందట పోయేది. నువ్వు కొత్తోడివి, నా ఎనక రా అనేది" అన్నాడట ఇంకొకాయన. ఆ నెలల్లోనే ఆవిడకు వచ్చిన ఉత్తరాల్లో పిల్లల్ని బడికి పంపించు అని ఉంది.

"ఇరవై ఏండ్లు ఒక్క ఇంట్ల ఉన్న. పొలంల ఎవరన్న గడ్డపార గట్టిగ దింపితే ఎందుకు ఉల్కిపడుతడో గప్పుడు తెల్సింది" అంది ఆవిడ నాతో.

కరీంనగర్ జిల్లాలో మందుపాతర అనే మాట ఆడవాళ్ళకూ కొత్త కాదు, వేరే కారణాలతో. అయినా మొగుడి నోటి వెంట ఆ మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఇక్కడ నాదొక సలహా. అలా విన్నాక, అతిథులు వెళ్ళిపోగానే "నాకెందుకు చెప్పలేదు?" అని నిలదీయకండి. ఆవిడా ఏమీ అడగలేదు. మర్నాడు పొలానికి ఆయనతో పాటు తనూ సద్ది పట్టుకుని వెళ్ళింది, అంతే.

ఈ కూడికల్లో మనకు కిట్టని సంగతి ఒకటుంది, దాచుకోవడమెందుకు? క్యాంటీను సీసా. మిలిట్రీ స్నేహితులు కలిశారంటే రమ్ము బయటకొస్తుందని ఇల్లాళ్ళ భయం, ఆ భయం ఉత్తదీ కాదు. రిటైరయ్యాక ఆ అలవాటుతోనే ఆరోగ్యాలు పాడు చేసుకున్నవాళ్ళు ప్రతి మండలంలోనూ ఉన్నారు. కోరుట్ల ఆవిడ పద్ధతి నాకు నచ్చింది. వాళ్ళను ఎప్పుడూ రాత్రికి పిలవనివ్వదు, మధ్యాహ్నం భోజనానికే పిలిపిస్తుంది. కడుపు నిండా పూరీలు, ఆలుగడ్డ కూర, పప్పు పెడుతుంది, అంటే వాళ్ళ లంగరు భోజనమే. ఇంటి దగ్గర సర్వపిండి, గారెలు రోజూ దొరుకుతాయి, ఆ పూరీల కోసం మొహం వాచి ఉంటారట. మూడు గంటలకల్లా బస్సుల టైమవుతుంది. సీసా తెరిచే వేళ కాకముందే సభ ముగుస్తుంది.

చేతిలో పెట్టి పంపడానికి శక్కర్‌పారాలు చేస్తుంది. ముందుకు వెళ్ళే సిపాయిలు సంచిలో వేసుకునే తిండి అది, చెడిపోదు, కడుపులో నిలుస్తుంది. చేయడం తేలికే. రెండు కప్పుల మైదాలో పావు కప్పు కరిగిన నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి పొడి పిండిగా ఉన్నప్పుడే బాగా రుద్దండి. అరకప్పు చక్కెరను కొద్దిపాటి గోరువెచ్చని పాలలో కరిగించి, ఆ పాలతో పిండి గట్టిగా కలిపి అరగంట మూత పెట్టండి. మందంగా ఒత్తి, చిన్న చిన్న పలకలుగా కోసి, సన్నటి సెగ మీద వేయించండి. సెగ పెద్దదయితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. స్నేహితులు వాళ్ళకే ఉన్నారా? మనకు లేరా? కోరుట్ల ఆవిడకు సర్వీసు మొత్తంలో రెండేళ్ళే క్వార్టరు దొరికింది, అంబాలాలో. పీస్ స్టేషనులో ఉన్నప్పుడే కుటుంబాన్ని తెచ్చుకోనిస్తారు, అదీ వరుస వస్తేనే. ఆ రెండేళ్ళలో పక్క క్వార్టరులో సేలం నుంచి వచ్చిన తమిళావిడ ఉండేది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ పంజాబీ ఆవిడ దగ్గర రొట్టెలు ఒత్తడం, హిందీ మాట్లాడడం కలిసి నేర్చుకున్నారు. ఈవిడ రెండో కాన్పు నొప్పులప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆ సేలం ఆవిడే, మగవాళ్ళిద్దరూ ఎక్సర్‌సైజుకి వెళ్ళారు. తర్వాత బదిలీలు, ఎవరి దారి వారిది. మగవాళ్ళకు ఇప్పుడు వాట్సప్ గ్రూపు ఉంది, అందులో ఆ తమిళాయన కూడా ఉన్నాడు. "పొద్దున్నే గుడ్ మార్నింగులు పంపుకుంటరు. ఒక్కనాడన్న ఆమె ఎట్లున్నదని అడిగిండ్రా?" అంది ఆవిడ. నేనంటాను, ఆయన ఫోన్లోంచే ఆ నంబరు తీసుకుని, "మీ ఇంటావిడకు ఫోనివ్వండి" అని మీరే అడగండి. ఆవిడ అడిగింది. ఇద్దరూ అరగంట అంబాలా హిందీలో మాట్లాడుకున్నారు.

రెండో ఇల్లు సిరిసిల్లలో. ఇది కాస్త నిదానంగా చదవండి. మీ వారు మిలిట్రీలో చేసినవారయితే పెన్సిలు కూడా దగ్గర పెట్టుకోండి.

ఆ అయిదుగురిలో ఒకాయన 2022లో గుండెపోటుతో పోయాడు. 55 ఏళ్ళు. రిటైరయ్యాక రాత్రి కాపలా పనిచేసేవాడు. ఆవిడ సాంచాలకు కండెలు చుట్టేది. ఆయన పోగానే పింఛను ఆగింది, అది సహజమే. భార్యకు కుటుంబ పింఛను రావాలి, అదీ ఆమె హక్కే. కానీ కాగితాల దగ్గర చిక్కొచ్చింది. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు, అత్తగారి పేరు ఒకటే కావడంతో పెళ్ళిలో ఆవిడ పేరు మార్చారు. మన ఇళ్ళల్లో ఇది మామూలే కదా! సర్వీసు రికార్డులో పెళ్ళినాటి కొత్త పేరుంది. ఆధార్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో పుట్టింటి పేరుంది. పుట్టిన తేదీలు కూడా రెండు రకాలుగా ఉన్నాయి. వాళ్ళ లెక్కలో ఇద్దరు వేరు వేరు ఆడవాళ్ళు!

దీనికి తోడు కొడుకు తెలియక ఇంకో పని చేశాడు. ఎవరు రీచార్జి చేయిస్తారని తండ్రి సిమ్ము ఆపేయించాడు. ఇప్పుడు సైనికుల పింఛన్లు చాలావరకు బ్యాంకుల చేతుల్లో లేవు. 2021 నుంచి స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలోకి మారుతూ వచ్చాయి, ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం దాన్ని నడుపుతుంది. ఆ ఖాతా తెరవాలంటే ఆయన ఫోనుకు వచ్చే నంబరు కొట్టాలి. ఆ ఫోనే లేదు.

ఆయన పెద్దకర్మకు స్నేహితులు వచ్చారు. భోజనాలయ్యాక వెళ్ళిపోలేదు. "చెల్లె, ఆయన డిశ్చార్జి బుక్కు ఏది?" అని అడిగారు. ఆవిడకు ఆ పేరే తెలియదు. నల్ల ట్రంకు పెట్టె తీయించారు. మీ ఇంట్లోనూ ఉంటుంది చూడండి, పైన తెల్ల రంగుతో నంబరు, పేరు రాసిన ఇనుప పెట్టె. అడుగున ఆ పుస్తకం దొరికింది, పింఛను ఉత్తర్వు కాగితం, అదే పీపీవో, దొరికింది, పెళ్ళయిన కొత్తలో దిగిన ఫోటో దొరికింది. మరణ ధ్రువపత్రం మునిసిపాలిటీ నుంచి తెప్పించారు. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాయించారు, ఆవిడ చదివిన బడి నుంచి కాగితం తెచ్చారు. కరీంనగర్‌లో ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, అక్కడి ద్వారా బెంగళూరులోని రికార్డ్స్ ఆఫీసుకు పంపారు. ఒకాయన జగిత్యాల నుంచి కరీంనగర్‌కు ఎన్నిసార్లు బస్సెక్కాడో లెక్కలేదు. ఏడాది దాటాక పింఛను వచ్చింది. ఆయన పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయి కూడా ఇచ్చారు. ఆ ఏడాదీ ఇంటి కిరాయి, కూతురి కాలేజీ ఫీజు ఎలా గడిచాయని అడిగితే, ఆవిడ రెండు షిఫ్టులు కండెలు చుట్టానని చెప్పింది. చేతి వేళ్ళు చూపించింది.

ఇంత శ్రమా పడ్డ ఆ మగవాళ్ళను మెచ్చుకోవాల్సిందే. అయితే నాకో సందేహం కలిగి కోరుట్ల ఆవిణ్ణి అడిగాను, "మరి మీ కాగితాలు సరిగ్గా ఉన్నాయా?" అని. చూస్తే ఆవిడ రెండో కూతురి పేరు రికార్డులో ఎక్కనే లేదు! స్నేహితుడి భార్య కోసం ఏడాది తిరిగిన మనిషి సొంత పుస్తకం తెరిచి చూసుకోలేదు. మగవాళ్ళ ధోరణి ఇలాగే ఉంటుంది, అందుకే మనం కూర్చోవాలంటున్నాను.

ఏం చూడాలో చెబుతాను. ముందుగా ఆయన ఆర్మీ నంబరు. నిద్రలో లేపి అడిగినా ఆయన చెబుతాడు, మీకు తెలుసా? ఈ రోజే మీ పాల లెక్కల పుస్తకంలో రాసిపెట్టుకోండి. డిశ్చార్జి బుక్కులో కుటుంబ వివరాల పేజీ ఉంటుంది. అందులో మీ పేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు ఉన్నాయా, ఆధార్‌లో ఉన్న అక్షరాలే అక్కడా ఉన్నాయా చూడండి. పెళ్ళి అయినా, బిడ్డ పుట్టినా యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరు అని ఒకటి వేస్తారు, అలా వేస్తేనే అది రికార్డుకెక్కుతుంది. సెలవు దొరక్క, తీరిక లేక వేయించనివాళ్ళు చాలామంది. పాతకాలపు పీపీవోల్లో భార్య పేరే లేనివి ఉన్నాయి, అవి ఇప్పుడైనా ఎక్కించుకోవచ్చు. ఆయన బతికి ఉండగా, ఆయన సంతకంతో జరిగితే ఇది చిన్న పని. తర్వాతయితే ఎంత పనో సిరిసిల్ల ఆవిణ్ణి అడగండి. స్పర్శ్ ఖాతా నంబరు, దానికి ముడిపడిన ఫోను నంబరు రాసుకోండి. ఏడాదికోసారి ఇచ్చే జీవన ప్రమాణం ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి కూడా ఇవ్వచ్చు. చేతకాకపోతే కామన్ సర్వీస్ సెంటరులో చేసిపెడతారు. మనిషి పోయినా ఆ సిమ్ము మాత్రం వెంటనే ఆపేయించకండి.

డబ్బు సంగతి కూడా తెలిసి ఉండాలి. ఈ విషయంలో ఇల్లాళ్ళకు లేనిపోని భయాలున్నాయి. రిటైరయ్యాక ఆయన పోతే కుటుంబ పింఛను మొదట్లో చివరి జీతంలో సగం లెక్కన వస్తుంది, అయితే ఆయన పింఛనుకు మించదు. ఇది ఏడేళ్ళు, లేదా ఆయన బతికి ఉంటే 67 ఏళ్ళు నిండే నాటికి, ఏది ముందయితే అది. సిరిసిల్ల ఆయనకు 55 కాబట్టి ఆవిడకు 2029 దాకా ఈ లెక్క. ఆ తర్వాత 30 శాతానికి తగ్గుతుంది. 2016 నాటి వేతన సవరణ ప్రకారం మూల పింఛను 9,000 కంటే తక్కువ ఉండకూడదు, దాని మీద కరువు భత్యం. తగ్గే ఏడాది ముందే తెలిసి ఉంటే చీటీలు, అప్పులు దాన్నిబట్టి పెట్టుకోవచ్చు. రెండోది, ఇల్లు కట్టడానికో పిల్ల పెళ్ళికో ఆయన పింఛనులో కొంత భాగం అమ్ముకుని ఉంటారు. పదిహేనేళ్ళకు ఆ కోత ఆగి నిండు పింఛను మళ్ళీ రావాలి, వచ్చిందో లేదో చూసుకోండి. ఆయన అమ్ముకున్న భాగానికి మీ కుటుంబ పింఛనులో కోత ఉండదు. వైద్యానికి ఈసీహెచ్ఎస్ కార్డు, క్యాంటీను కార్డు భర్త పోయాక కూడా ఆమెకు చెల్లుతాయి. సిరిసిల్ల ఆవిడ ఆ కార్డును ఏడాది పాటు పెట్టెలోనే దాచింది, ఆయనతోనే పోయిందనుకుని.

మూడో ఇల్లు జగిత్యాల పక్కన ఒక పల్లె. అయిదుగురిలో ఈయన ఒక్కడే కూడికలకు రాడు.

తొమ్మిదేళ్ళు చేశాక ఈయన సర్వీసు వదిలి వచ్చేశాడు. తండ్రి పోయాడు, అన్నలిద్దరూ గల్ఫులో ఉన్నారు, మూడెకరాలు బీడు పడుతోంది, తల్లి ఒక్కతే. పదిహేనేళ్ళు నిండలేదు కాబట్టి పింఛను లేదు. మిగతావాళ్ళు కలిస్తే మాటలు ఎటు తిరిగీ ఒకే ర్యాంకు ఒకే పింఛను దగ్గరికే వస్తాయి. 2015 నవంబరులో ఉత్తర్వులిచ్చి 2014 జులై నుంచి అమలు చేసిన ఆ పద్ధతిలో అయిదేళ్ళకోసారి లెక్క మారుతుంది. ఎవరికెంత పెరిగింది, బకాయి ఎంత వచ్చింది అని వాళ్ళ సరదా వాళ్ళది. ఈయన రెండుసార్లు వచ్చి, మూలన కూర్చుని, టీ తాగి వెళ్ళాడు. మూడోసారి ఫోను ఎత్తలేదు. గ్రూపులోంచి కూడా తప్పుకున్నాడు. "వానికి టెక్కు" అన్నాడట వాళ్ళలో ఒకాయన.

"టెక్కు కాదు తమ్మీ" అని కోరుట్ల ఆవిడ చెప్పింది. "మీరందరు పైసల ముచ్చట పెడితే ఆయన ఏం మాట్లాడాలె?" తలుపు దగ్గర కూర్చున్న మనిషికి కనిపించింది, లోపల కూర్చున్న నలుగురికి కనిపించలేదు చూడండి.

పోయిన సంక్రాంతికి ఆవిడే వాళ్ళను బయలుదేరదీసింది. "ఆయన రాకుంటే మనమే పోదాం. పింఛను ముచ్చట తీసినోళ్ళకు నేను అన్నం పెట్ట" అని షరతు పెట్టింది. చెకినాల డబ్బా పట్టుకుని తనూ వెళ్ళింది. ఈయన భార్యకు క్వార్టరు ఎప్పుడూ రాలేదు, రైలెక్కి ఏ ఊరూ చూడలేదు. మగవాళ్ళు వేపచెట్టు కింద కూర్చుంటే, ఆడవాళ్ళిద్దరూ లోపల బీడీల చేట మధ్యన పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ మాట్లాడుకున్నారు. మాటల్లో ట్రంకు పెట్టె సంగతి వచ్చింది. బతుకమ్మ చీరల కింద డిశ్చార్జి బుక్కు దొరికింది.

పింఛను లేని పాత సైనికులకు, హవల్దారు ర్యాంకు దాకా, 65 ఏళ్ళు దాటి ఇబ్బందుల్లో ఉంటే రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి నెలకు సాయం అందుతుంది. అంతకుముందు 4,000 ఉండేది, 2025 నవంబరు నుంచి వచ్చిన దరఖాస్తులకు 8,000 చేశారు. అదే నిధిలో ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళకు, పిల్లల చదువుకు ఇచ్చే మొత్తాలు కూడా అప్పుడే రెట్టింపయ్యాయి. అయితే సర్వీసు వదిలిన అందరూ మాజీ సైనికుల లెక్కలోకి రారు. ఏ తేదీన వదిలారు, ఏ కారణంతో వదిలారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది ఆ పుస్తకంలో రాసి ఉంటుంది, పక్కింటివాళ్ళు చెప్పేది నమ్మడం కన్నా దాన్ని పట్టుకుని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగడమే మేలు. ఈయనకు 65 రావడానికి ఇంకా కొన్నేళ్ళుంది. వర్తిస్తుందో లేదో ఇప్పుడే తెలుసుకుంటే ఆశ పెట్టుకోవాలో మానుకోవాలో తేలుతుంది.

పుస్తకం పట్టుకుని బయటికి వెళ్ళబోతుంటే, ఆయన భార్య ఆపిందట. "ఇప్పుడే అడుగకు వదినె. తిన్నంక అడుగు" అంది. తిన్న తర్వాత అడిగారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టె తెమ్మని తనే చెప్పాడు. ముప్పై ఏళ్ళ నాటి పెట్టె, సొట్టలు పోయింది, కానీ మూత మీద నంబరు నిన్న రాసినట్టుంది. ఏటా దసరాకు ఆయుధపూజనాడు తెల్ల రంగు తెచ్చి తనే మళ్ళీ దిద్దుతాడట.

యాసంగి వరి కోతలయ్యాక నలుగురూ కలిసి కరీంనగర్ వెళ్ళాలని అనుకున్నారు. వాళ్ళతో ఆడవాళ్ళిద్దరూ కూడా వెళ్తున్నారు, కోరుట్ల ఆవిడ రెండో కూతురి పేరు ఎక్కించే పని కూడా ఆ రోజే పెట్టుకున్నారు.